39 శాతం గీత, దాన్ని జరిపిన చేతులు: అమెరికాలో లోకల్ వార్త ఎలా చిక్కిపోయింది

అమెరికాలో ఒక కంపెనీ ఎన్ని టీవీ స్టేషన్లు కొనుక్కోవచ్చు అనేదానికి ఒక లెక్కుంది. ఆ స్టేషన్లన్నీ కలిపి, దేశంలో టీవీ ఉన్న ఇళ్లలో 39 శాతానికి మించి చేరకూడదు. 35 కాదు, 40 కాదు, సరిగ్గా 39. ఏ నిపుణుల కమిటీనో కూర్చుని తేల్చిన అంకె అనుకునేరు, అదేం లేదు. అప్పటిదాకా ఉన్న 35 శాతం పరిమితిని టీవీ, రేడియోల్ని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 2003లో 45కి పెంచింది. జనం గోల పెట్టారు, దాంతో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, వెనక్కి లాగాలనుకుంది, కానీ అప్పటికే వయాకామ్, న్యూస్ కార్ప్ అనే రెండు పెద్ద కంపెనీలు 35 దాటేసి 39 దగ్గర కూర్చున్నాయి. వాళ్లని స్టేషన్లు అమ్ముకోమని చెప్పే బదులు 2004 జనవరిలో గీతనే తీసుకెళ్లి వాళ్ల కాళ్ల ముందు గీశారు.

ఈ కథంతా దాదాపు ఇలాగే నడిచింది. అందుకే దీన్నుంచి మొదలుపెట్టా.

అసలు ఈ పరిమితులు ఎందుకు పెట్టారంటే, రేడియో తరంగాలు ఎవరి సొత్తూ కాదు, ప్రజలవి. ప్రభుత్వం లైసెన్స్ ఇస్తుంది, తీసుకున్నవాడు ప్రజాప్రయోజనం కోసం నడపాలి. 1934 చట్టం చెప్పింది ఇదే, ఎఫ్‌సీసీ పుట్టిందీ అప్పుడే. 1940ల్లో ఎన్‌బీసీ అనే ప్రసార సంస్థ చేతిలో రెండు నెట్‌వర్కులుంటే ఒకటి అమ్మేయాల్సిందే అన్నారు, అలా అమ్మిందే తర్వాత ఏబీసీ అయింది. 1954 నాటికి ఒక ఓనర్‌కి దేశం మొత్తం మీద ఏఎం రేడియోలు ఏడు, ఎఫ్‌ఎంలు ఏడు, టీవీ స్టేషన్లు ఏడు, అంతకు మించి కుదరదు. 1975లో ఇంకో నిషేధం వచ్చింది, ఒకే ఊళ్లో పేపరూ, రేడియో లేదా టీవీ స్టేషనూ కొత్తగా ఒకడి చేతిలోకి పోకూడదని. ఇందులో తర్కం చాలా సింపుల్: ఊళ్లో పేపరూ టీవీ రెండూ ఒకడివే అయితే, ఆ ఓనర్ తప్పు చేసినప్పుడు రాసేదెవరు?

అలాగని ఆ పాతకాలం ఓనర్లు పుణ్యాత్ములేం కాదు. ఊరి మేయర్‌తో కలిసి భోంచేసి, మర్నాడు మేయర్ మీద వార్త ఆపేసిన పెద్దమనుషులూ ఉండే ఉంటారు. కాకపోతే పక్కవీధిలో ఇంకో ఓనర్ ఉండేవాడు, ఇతను ఆపింది అతను వేసేవాడు. రూల్ కాపాడింది ఓనర్ల మంచితనాన్ని కాదు, వాళ్ల సంఖ్యని.

1980ల్లో గాలి మారింది. రీగన్ నియమించిన ఎఫ్‌సీసీ ఛైర్మన్ మార్క్ ఫౌలర్ టీవీని బొమ్మలు కనపడే టోస్టర్ అన్నాడు, అంటే ఇంట్లో ఇంకో వస్తువు, దానికి ప్రత్యేకమైన రూల్స్ దేనికని. ఏడు కాస్తా పన్నెండయింది. కానీ అసలు దెబ్బ 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం. దీన్ని ఒక పార్టీ నెత్తిన రుద్దడానికి లేదు: సంతకం పెట్టింది క్లింటన్, ప్రతినిధుల సభలో 414 మంది ఔనంటే కాదన్నది 16 మంది. టీవీ పరిమితి 25 నుంచి 35 శాతానికి పెరిగింది. రేడియోకి దేశవ్యాప్త పరిమితి అన్నదే లేకుండా పోయింది, పెద్ద నగరాల్లో అయితే ఒక్క కంపెనీయే ఎనిమిది స్టేషన్లు పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత రేడియోలో జరిగింది చూస్తే మిగతా కథ ఊహించుకోవచ్చు. అంతకుముందు 40 స్టేషన్ల పరిమితిలో ఉన్న క్లియర్ ఛానెల్ అనే కంపెనీ కొన్నేళ్లలోనే 1,200 దాటింది. ఆరేళ్లలో స్టేషన్లు కొంచెం పెరిగాయి గానీ ఓనర్ల సంఖ్య మూడో వంతు పడిపోయింది. వాయిస్ ట్రాకింగ్ అని ఒక పద్ధతి మామూలైపోయింది, ఎక్కడో నగరంలో కూర్చున్న అనౌన్సర్ పది ఊళ్లకి ముందే గొంతు రికార్డు చేసి పెడతాడు, మధ్యమధ్యలో ఆ ఊరి వీధి పేరో, స్కూల్ టీమ్ పేరో కలుపుతాడు, వినేవాడికి మాత్రం మన ఊరివాడే అనిపిస్తుంది. ఇదంతా డబ్బు మిగల్చడానికే, ఎందుకంటే స్టేషన్లు కొన్నది అప్పు చేసి. ఈ కంపెనీనే 2008లో ప్రైవేట్ ఈక్విటీ వాళ్లు, అంటే కంపెనీల్ని కొని లాభానికి అమ్మే పెట్టుబడిదారులు, కొన్నారు, ఆ అప్పు కూడా కంపెనీ నెత్తినే పడింది, పేరు ఐహార్ట్‌మీడియాగా మార్చుకుంది, చివరికి 2018లో సుమారు 2,000 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా కోర్టుకెళ్లింది. యాడ్స్ తగ్గితే తట్టుకునే స్టేషన్ కూడా వడ్డీ కట్టలేక రిపోర్టర్‌ని తీసేస్తుంది. నా మటుకు నాకు ఈ కథలో అసలు విలన్ ఈ అప్పే. రూల్ సడలించారంటే స్టేషన్ కొనడానికి పోటీ పెరుగుతుంది, రేటు పెరుగుతుంది, ఆ రేటుకి చేసిన అప్పు తీరేది న్యూస్‌రూమ్ జీతాల్లోంచి.

మైనాట్ సంగతి చెప్పకుండా ఎవరూ ఈ విషయం మాట్లాడరు. నార్త్ డకోటాలో చిన్న ఊరు. 2002 జనవరి 18న, అర్ధరాత్రి దాటాక గూడ్సు రైలు పట్టాలు తప్పి అమ్మోనియా గ్యాస్ ఊరిమీదికి కమ్మేసింది. ఒకరు చనిపోయారు, వందలమంది ఆ గ్యాస్ పీల్చి అవస్థ పడ్డారు. మతప్రసారాలు పక్కనపెడితే ఊళ్లో కమర్షియల్ రేడియో స్టేషన్లు ఆరు, ఆరూ క్లియర్ ఛానెల్‌వే. పోలీసులు స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు లేరు. కంపెనీ మాత్రం మా మనిషి ఉన్నాడు, ఎమర్జెన్సీ పరికరాలు సరిగా వాడుకోనిది పోలీసులే అంది, అందులోనూ కొంత నిజం లేకపోలేదు. సరే, తప్పు ఇద్దరిదీ అనుకుందాం. అయినా ఆరు స్టేషన్లకి ఆరుగురు ఓనర్లుంటే ఒకచోట కాకపోతే ఇంకోచోట ఫోన్ ఎత్తేవాళ్లేమో అన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

2003 సడలింపుకి ముందు ఎఫ్‌సీసీకి లక్షలకొద్దీ ఉత్తరాలొచ్చాయి. తుపాకుల సంఘం ఎన్‌ఆర్‌ఏ, మహిళా హక్కుల సంఘం నౌ, వేరే ఏ విషయంలోనూ ఒకచోట కనపడనివాళ్లు, ఇద్దరూ వద్దనే అన్నారు. అయినా ఓటింగ్ 3-2తో గట్టెక్కింది. తర్వాత కోర్టు చాలావరకు ఆపేసింది. ఇక్కడ ఒక ముచ్చట ఉంది. 2004లో ఎఫ్‌సీసీ సొంత ఆర్థికవేత్తలే ఒక అధ్యయనం చేశారు, ఓనర్ ఊరివాడే అయితే ఆ టీవీ స్టేషన్ బులెటిన్‌లో లోకల్ వార్తలు అయిదున్నర నిమిషాల దాకా ఎక్కువ ఉంటున్నాయని తేలింది. అది బయటికి రాలేదు. రెండేళ్లు పోయాక, 2006లో, సెనేటర్ బార్బరా బాక్సర్ విచారణలో ఆ కాగితాలు పట్టుకొచ్చి అప్పటి ఛైర్మన్ ముందు పెట్టేదాకా అలాంటిదొకటి ఉందనే లోకానికి తెలీదు. అరగంట బులెటిన్‌లో వాతావరణం, ఆటలు, యాడ్స్ పోగా మిగిలేదెంత, అందులో అయిదున్నర నిమిషాలంటే తక్కువేం కాదు.

2017లో అజిత్ పాయ్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు ఒక్క ఏడాదిలోనే చాలా జరిగిపోయాయి. పేపర్-టీవీ నిషేధం ఎత్తేశారు. లైసెన్స్ ఉన్న ఊళ్లోనో దగ్గర్లోనో స్టూడియో ఉండాలన్న పాత రూల్ కూడా పోయింది. అన్నిటికంటే చిత్రమైంది యూహెచ్‌ఎఫ్ డిస్కౌంట్. యూహెచ్‌ఎఫ్ అంటే టీవీ ప్రసారాలకి వాడే ఒక రకం తరంగాలు. పాతరోజుల్లో యూహెచ్‌ఎఫ్ సిగ్నల్ బలహీనం కాబట్టి ఆ స్టేషన్ల ప్రేక్షకుల్ని సగమే లెక్కేసేవాళ్లు. 2009లో ప్రసారాలు డిజిటల్ అయ్యాక ఆ బలహీనత పోయింది, అందుకే 2016లో డిస్కౌంట్ తీసేశారు, 2017లో మళ్లీ తెచ్చి పెట్టారు. తెచ్చిన కొద్దివారాలకే సింక్లెయిర్ అనే కంపెనీ ట్రిబ్యూన్ స్టేషన్లని 390 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించింది (ఆ డీల్ 2018లో చెడిపోయింది, అది వేరే సంగతి). 2017 సడలింపుల్లో ప్రధానమైనవాటిని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సమర్థించింది.

సడలించిన ప్రతిసారీ చెప్పిన కారణం ఒకటే. మొదట కేబుల్ వచ్చింది కదా అన్నారు, తర్వాత ఇంటర్నెట్ వచ్చింది కదా, జనానికి గొంతులకేం కొదవ అన్నారు. ఇది పూర్తిగా తప్పని నేననను. యాడ్స్ డబ్బు లాక్కుపోయింది గూగుల్, ఫేస్‌బుక్‌లే, ఆ దెబ్బ ఓనర్ ఎవరైనా తగిలేదే. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకి పైగా పేపర్లు మూతపడ్డాయి, దానికి ఎఫ్‌సీసీ రూల్స్ మాత్రమే కారణం అంటే అబద్ధమవుతుంది. కానీ ఫోన్‌లో వెయ్యి గొంతులున్నా, స్కూల్ బోర్డు మీటింగ్‌లో మూడు గంటలు కూర్చుని నోట్సు రాసుకునే మనిషి ఒక్కడూ లేకపోతే ఆ వెయ్యిమంది మాట్లాడుకునేది దేని గురించి? వాషింగ్టన్ గురించే.

ఆ మాట లెక్కల్లోనూ దొరికింది. 2017లో సింక్లెయిర్ కొన్న స్టేషన్లని, అదే ఊళ్లలో మిగతా స్టేషన్లతో పోల్చి గ్రెగరీ మార్టిన్, జోష్ మెక్‌క్రెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో పరిశోధనా వ్యాసం వేశారు. చేతులు మారాక లోకల్ వార్తలు తగ్గి జాతీయ రాజకీయాలు పెరిగాయి, మొగ్గు కుడివైపుకి జరిగింది. ఊళ్లూ చూసేవాళ్లూ మారలేదు, మారింది ఓనర్ ఒక్కడే. 2018లో అయితే పదులకొద్దీ సింక్లెయిర్ స్టేషన్ల యాంకర్లు ఒకే స్క్రిప్టు అక్షరం పొల్లుపోకుండా చదివారు, ఎవరో అవన్నీ పక్కపక్కన పెట్టి వీడియో చేస్తే దేశమంతా చూసి నోరెళ్లబెట్టింది.

ఇప్పుడు మళ్లీ 39 దగ్గరికొద్దాం. 2025 జూలైలో, ఒకే ఊళ్లో మొదటి నాలుగు ర్యాంకుల్లోని రెండు స్టేషన్లు ఒకరి చేతిలో ఉండకూడదన్న రూల్‌ని ఒక అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. ఆగస్టులో నెక్స్‌టార్ అనే టీవీ కంపెనీ, టెగ్నా అనే ఇంకో టీవీ కంపెనీని 620 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించింది. రెండూ కలిస్తే దేశంలో 80 శాతం ఇళ్లకి చేరతాయన్నది అప్పటి లెక్క. ఎనభై ఎక్కడ, ముప్పైతొమ్మిది ఎక్కడ! టెగ్నా స్టేషన్లున్న 51 మార్కెట్లలో (అంటే ఒక ఊరూ దాని చుట్టుపక్కలా) 35 చోట్ల నెక్స్‌టార్‌కి అప్పటికే స్టేషన్ ఉంది. ఈ డీల్ వల్ల ఏడాదికి 30 కోట్ల డాలర్ల సినర్జీ, అంటే కలిసిపోవడం వల్ల మిగిలే లాభం, వస్తుందని కంపెనీ ఇన్వెస్టర్లకి చెప్పింది. ఒకే ఊళ్లో రెండు న్యూస్‌రూమ్‌లు, రెండు కెమెరా టీమ్‌లు, ఇద్దరు వాతావరణం చెప్పేవాళ్లు ఉన్నచోట సినర్జీ అంటే ఏంటో ఆ 35 ఊళ్లలో పనిచేసేవాళ్లని అడిగితే చెప్తారు.