ఆరుబయట సిగరెట్ పొగ: అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఊపిరితిత్తుల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. దగ్గు, ఆయాసంతో వచ్చినవాళ్లను ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని తప్పకుండా అడుగుతాను. "లేదండీ, మావారు బయటే కాల్చి వస్తారు" అన్న జవాబు తరచూ వింటాను. ఇంట్లో కాల్చకపోవడం మంచిదే. కానీ ఆ 'బయట' కూడా ఎవరో ఒకరు ఊపిరి పీల్చే చోటే కదా.

అపోహ: ఆరుబయట పొగ గాల్లో కలిసిపోతుంది, పక్కవాళ్లకు ఏమీ కాదు.

కలిసిపోతుంది. అయితే అంతకంటే ముందు పక్కనున్నవారి ముక్కులోకి వెళ్తుంది. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు పార్కుల్లో, ఆరుబయట కుర్చీలు వేసే హోటళ్ల దగ్గర పొగ కణాలను కొలిచారు. కాల్చే మనిషికి అర మీటరు దూరంలో, గాలి తమవైపు వీచే చోట కూర్చున్నవారికి అందే పొగ గది లోపల అందేంత ఉండొచ్చని తేలింది. రెండు మీటర్లు దాటితే బాగా తగ్గింది. సిగరెట్ ఆర్పేయగానే గాలి తేటపడింది. గదిలో అయితే ఆర్పాక కూడా చాలాసేపు నిలిచి ఉంటుంది.

అంటే బయట లెక్కంతా మూడు విషయాల మీదే: ఎంత దగ్గర, గాలి ఎటు, ఎంతసేపు.

ఈ మూడో విషయమే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. టీ కొట్టు దగ్గర సిగరెట్ వెలిగించిన కుర్రాడు పది నిమిషాల్లో వెళ్లిపోతాడు. ఆయన స్థానంలో ఇంకొకరు వస్తారు. మూడు వైపులా రేకులు, పైన టార్పాలిన్ ఉన్న ఆ కొట్టులో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే టీ మాస్టర్‌కు అది ఆరుబయట కానే కాదు. జీవితంలో ఒక్క సిగరెట్ కూడా ముట్టనివారు ఇలా ఏళ్ల తరబడి పొగ పీలుస్తున్నారు. వేళ్ల మధ్య ఊరికే కాలుతున్న సిగరెట్ కొస నుంచి వచ్చే పొగకు ఫిల్టర్ కూడా ఉండదు. పక్కవాళ్లు పీల్చేదాంట్లో ఎక్కువ భాగం అదే.

అపోహ: బీచ్‌లో సముద్రపు గాలి అంతా ఊడ్చేస్తుంది.

గాలి పొగను మాయం చేయదు, ఒకవైపు నెడుతుంది. ఆర్కే బీచ్ గోడ మీద కూర్చున్నప్పుడు కాల్చే మనిషి మీకు, సముద్రానికి మధ్య ఉంటే పగటి పూట ఆ పొగ మీ మీదికే వస్తుంది. రాత్రి గాలి నేల వైపు నుంచి సముద్రం మీదికి తిరుగుతుంది. ఆ తిరిగే వేళ కాసేపు గాలే ఆడదు. పిల్లలతో వెళ్లినప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసి చోటు మార్చుకోండి.

అపోహ: ఒక్కసారి పొగ పీలిస్తే క్యాన్సర్ వస్తుంది.

ఇలా భయపెట్టడం నాకు ఇష్టం లేదు. పరోక్ష పొగ (పక్కవాళ్లు కాలిస్తే మనం పీల్చేది) వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం, గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుందని చెప్పే అంకెలు ఇంట్లోనో పనిచేసే చోటో దీర్ఘకాలం పీల్చినవారివి. దారిన పోతూ ఒకసారి పీల్చినవారికి అవి వర్తించవు. అయితే రక్తనాళాలు, రక్తం గడ్డకట్టేలా చేసే ప్లేట్‌లెట్ కణాలు కాసేపటి పొగకే స్పందిస్తాయి. అందుకే గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, ఆస్తమా పిల్లలు కొద్దిసేపే కదా అని అక్కడే ఉండిపోవద్దు.

అపోహ: బీడీ, చుట్ట ఆకుతో చేసినవే, అంత హాని ఉండదు.

ఉంటుంది. ఏ ఆకులో చుట్టినా కాలేది పొగాకే. మన తీరంలో కొందరు పెద్దావిడలు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, దాన్ని అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిలి క్యాన్సర్ వస్తుందని విశాఖ డాక్టర్లు దశాబ్దాల క్రితమే గమనించారు.

అపోహ: మాస్కు ఉంటే చాలు.

ఎన్95 పొగలోని కణాలను చాలావరకు ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులను ఆపదు. గుడ్డ మాస్కుతో పెద్దగా ప్రయోజనం లేదు.

అపోహ: చట్టం నాలుగు గోడల మధ్యే పనిచేస్తుంది.

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా) బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం బస్టాపులు, రైల్వే స్టేషన్లు, స్టేడియాలు కూడా దీని కిందికి వస్తాయి. అంటే ఆర్టీసీ కాంప్లెక్స్ ప్లాట్‌ఫాం మీద సిగరెట్ వెలిగించడం నేరం. జరిమానా 200 రూపాయల వరకు ఉంటుంది. ఫిర్యాదు ఎవరికి చేయాలో అక్కడ రాసి పెట్టాలని కూడా నిబంధన ఉంది. "బాబూ, పాపకు ఆస్తమా ఉంది, కొంచెం అటు వెళ్తారా" అని నెమ్మదిగా అడిగినా చాలామంది జరుగుతారు. మాట పెరిగేలా ఉంటే గొడవకు దిగకుండా అక్కడి అధికారికి చెప్పండి.

సిగరెట్ మానేయాలనుకునేవారు సాయం కోసం 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు. ఇది జాతీయ క్విట్‌లైన్, కాల్‌కు డబ్బు పడదు.