పిల్లి మూత్రానికి ఫినాయిల్ మందు కాదు

పిల్లి హాల్లో ఏ మూలో మూత్రం పోస్తే మన ఇళ్లలో ముందు బయటికొచ్చేది ఫినాయిల్ సీసా. దయచేసి ఆ అలవాటు మానండి. వాసన పోదు సరికదా, పిల్లి ప్రాణం మీదికి వస్తుంది.

అప్పుడే పోసిన మూత్రానికి అంత ఘాటు ఉండదు. అందులోని యూరియాను బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమ్‌తో విడగొట్టి అమోనియాగా మారుస్తుంది. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే గంధకపు అమైనో ఆమ్లం కూడా ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లుల్లో మరీ ఎక్కువ. అది మెల్లగా విడిపోతూ థయోల్స్ అనే గంధకపు పదార్థాలను వదులుతుంది. వీటి వాసన ఏ కొంచెమున్నా ముక్కుకు తెలిసిపోతుంది. అందుకే పైపైన తుడిచినా, టైల్స్ సందుల్లోనూ పరుపు దూదిలోనూ ఇంకినది రోజుల తరబడి కంపు కొడుతుంది. ఆ వాసన పట్టుకునే పిల్లి మళ్లీ అక్కడికే వస్తుంది. మనమీద కక్షతో కాదు, కొట్టడం అన్యాయం.

నల్ల ఫినాయిల్‌లో ఫినాల్ జాతి రసాయనాలుంటాయి. మన కాలేయం వాటికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి బయటికి పంపేస్తుంది. పిల్లి జాతిలో ఆ పనిచేసే ముఖ్యమైన జన్యువొకటి పాడైపోయింది. పారాసెటమాల్ పిల్లికి విషమయ్యేదీ ఇందువల్లే. ఫినాయిల్ తడి ఆరని నేల మీద పిల్లి నడిచి, తర్వాత పాదాలు నాకుతుంది కదా!

బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దు. అమోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువులు పుట్టి మన ఊపిరితిత్తులకే చేటు. వెనిగర్ అమోనియాను తగ్గిస్తుంది కానీ, తాండూరు, బేతంచర్ల బండలు సున్నపురాయి. ఆ పులుపుకు నునుపు పోతుంది.

పెట్ షాపుల్లో దొరికే, వాసన పుట్టించే పదార్థాలనే విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ మేలు. ముందు పాతగుడ్డతో రుద్దకుండా అద్ది తడి పీల్చండి, చల్లటి నీళ్లతో మళ్లీ అద్దండి. తర్వాత మూత్రం ఇంకినంత మేరా క్లీనర్ పోసి, డబ్బా మీద రాసినంత సేపు తడిగానే వదిలేయండి. ఎంజైమ్ పనిచేయడానికి టైమ్ కావాలి. మరిగే నీళ్లు పోస్తే చెడిపోతుంది.

ఎప్పుడూ ట్రేలోనే పోసే పిల్లి ఉన్నట్టుండి బయట పోస్తుంటే జబ్బేమో చూపించండి. మగపిల్లి మాటిమాటికీ ముక్కుతున్నా చుక్క రాకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.