ఊరికి వచ్చే కరెంటు బిల్లు

విజయవాడ,
మార్గశిర మాసం.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమం.

డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినమని, దాని మీద బడిలో వ్యాసం రాయమన్నారని చెబుతూ మొన్న ఫోనులో చిన్నది నన్ను ఒక మాట అడిగింది: “తాతయ్యా, మన ఇంటికి వచ్చినట్టే ఊరికి కూడా కరెంటు బిల్లు వస్తుందా? వస్తే ఎవరు కడతారు?” వెనక నుంచి ఎవరో నవ్వడం నాకు వినిపించింది. నవ్వవలసిన ప్రశ్న కాదది. ఏటా ఇంటిపన్ను కట్టే పెద్దలం మేము ఎన్నడూ అడగని ప్రశ్న.

వస్తుంది తల్లీ. వీధి దీపాలకు, తాగునీటి పంపులకు, మురుగునీటిని ఎత్తిపోసే మోటార్లకు, కార్యాలయాలకు వేర్వేరు మీటర్లుంటాయి. వాటన్నిటి బిల్లులూ నగరాల్లో నగరపాలక సంస్థ, పల్లెల్లో పంచాయతీ కడతాయి. ఆ సొమ్ములో మనం కట్టే ఇంటిపన్నూ నీటిపన్నూ కలిసే ఉంటాయి కనుక, ఊరి బిల్లులో మీ నాన్న వాటా కూడా ఉన్నట్టే లెక్క. దానిలో పెద్ద భాగం తినేసేవి రెండు: నీళ్ళను పైకెక్కించే పంపులు, రాత్రంతా వెలిగే దీపాలు.

ఆ బిల్లు ఎందుకు పెరుగుతుందో చెప్పడానికి నాకు బిందె కంటే మంచి వస్తువు తోచడం లేదు. మీ గుంటూరు చదునైన ఊరు; మా బెజవాడలో కొండల మీద కూడా ఇళ్ళున్నాయి. బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ ఎంత నిండుగా ఉన్నా ఆ నీళ్ళు తమంతట తాము కొండెక్కవు గదా! నా చిన్నతనంలో మేము మొగల్రాజపురం కొండ వాలున ఉండేవాళ్ళం. కింద వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి, బిందె నింపుకొని, భుజం మార్చుకుంటూ మెట్లెక్కి వచ్చేవాణ్ణి. మా ఇత్తడి బిందె అడుగున సన్నని చిల్లు ఉండేది. ఇంటికి చేరేసరికి నా చొక్కా తడిసేది, బిందె వెలితి పడేది. ఇంకొక బిందె కొంటే రెండో మనిషి కూడా మోస్తాడని మా బాబాయి అంటే, “ముందు దీనికి మాటు వేయించరా, తరవాత చూద్దాం” అని మా నాయనమ్మ కసిరింది. ఆవిడ బడి మెట్లెక్కలేదు గాని, ఊరి పొదుపుకు మొదటి సూత్రం ఆ మాటలోనే ఉంది.

ఇప్పుడు ఆ మోత మోటారు మోస్తోంది. దాని బలం ఎంతటిదో ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఎక్కడా నష్టమే లేకపోతే, ఒక్క యూనిట్ కరెంటు వెయ్యి లీటర్ల నీళ్ళను 367 మీటర్ల ఎత్తుకు చేర్చగలదు. బిందెకు 15 లీటర్లనుకుంటే, 60 మీటర్ల ఎత్తున్న గుట్ట మీదికి సుమారు నాలుగు వందల బిందెలన్న మాట! కొద్ది రూపాయల కూలికి నాలుగు వందల సార్లు కొండెక్కి దిగే మనిషి ఎక్కడైనా దొరుకుతాడా? ఈ లెక్క వేసినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతూనే ఉంటుంది. అయితే నిజం పంపు అంత పని చేయదు. మోటారులో కొంత, పంపులో కొంత, గొట్టాల రాపిడిలో కొంత పోగా, బాగా పనిచేసే చోట కూడా సగానికి కాస్త పైమాటే దక్కుతుంది. లోపలి చక్రం అరిగిన పాత పంపులో అదీ దక్కదు, కానీ మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా గొట్టం కారితే, కారేది నీళ్ళొక్కటే కాదు. వాటిని అంత ఎత్తుకు మోసిన కరెంటు కూడా మట్టిలో ఇంకిపోతుంది. పైన ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆపకపోవడమంటే, నిండిన గాబులో ఇంకా బిందెలు గుమ్మరించడమే. కాబట్టి లీకులు పూడ్చడం, అరిగిన పంపులు మార్చడం, ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగే ఏర్పాటు చేయడం అనే ఈ మూడు పనులూ, కొత్త పథకాలకు ప్రారంభోత్సవాలు చేసినంత ఆర్భాటంగా ఉండవు గాని, డబ్బు మిగిల్చేవి ఇవే.

దీపాన్ని కూడా నేను బిందెతోనే చూస్తాను, మీరు నవ్వినా సరే. పాత సోడియం దీపం నలువైపులా వెలుగు చిమ్ముతుంది. రేకు టోపీ ఎంత అడ్డుపెట్టినా కొంత పక్కకూ పైకీ ఒలికిపోతుంది. ఎల్ఈడీ దీపం వెలుగును కిందికే పోస్తుంది, అదీ తక్కువ కరెంటుతో. 40 వాట్ల ట్యూబులైటు చోకుతో కలిపి 55 వాట్ల దాకా లాగుతుంది. దాని స్థానంలో 20 వాట్ల ఎల్ఈడీ పెట్టి రోజుకు 11 గంటలు వెలిగిస్తే, ఏడాదికి ఒక్క స్తంభం మీద 140 యూనిట్లు మిగులుతాయి. వెయ్యి స్తంభాలకు లక్షా నలభై వేల యూనిట్లు. యూనిట్‌కు ఏడు రూపాయలనుకొని మీరే హెచ్చవేసి చూడండి.

మరి అన్ని దీపాలు కొనడానికి పంచాయతీ దగ్గర డబ్బేదీ అని పెద్దవాడు తప్పక అడుగుతాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చీకటి చేసి వెళ్ళాక, అక్కడి వీధులకు ఎల్ఈడీ దీపాలు పెట్టారు. 2015 జనవరి 5న కేంద్రం దేశమంతటా వీధి దీపాల పథకాన్ని మొదలుపెట్టింది. దాని పద్ధతి నాకు నచ్చింది: ఎనర్జీ ఎఫిషియన్సీ సర్వీసెస్ లిమిటెడ్ అనే ప్రభుత్వ రంగ సంస్థ తన డబ్బుతో దీపాలు బిగిస్తుంది, ఊరు తనకు తగ్గిన బిల్లులోంచి ఏళ్ళ తరబడి ఆ బాకీ తీరుస్తుంది. చేతిలో కాసు లేని ఇల్లు కూడా మంచి బిందె తెచ్చుకోగలగడమన్న మాట. అయితే ఎంత తగ్గిందో కొలిచే మీటరు ప్రతి వీధికీ ఉన్నప్పుడే ఈ బేరం న్యాయంగా సాగుతుంది.

పొదుపంటే దీపాలార్పడం మాత్రం కాదు. చీకటి సందులో ఆడపిల్ల భయపడుతూ నడిచి రావలసి వస్తే, ఆ మిగిలిన రూపాయిని నేను పొదుపనను. అవసరమైన వేళ వెలగాలి, తెల్లవారాక ఆరాలి. ఆ వేళ కూడా ఏడాది పొడవునా ఒకటి కాదు. ఇప్పుడు మన దగ్గర సాయంత్రం అయిదున్నర దాటగానే పొద్దు గుంకుతోంది, ఉదయం ఆరున్నరకు గాని పొడవడం లేదు. జూను నెలతో పోలిస్తే రాత్రి దాదాపు రెండు గంటలు పెద్దది. దీపాలను వెలిగించి ఆర్పే గడియారాన్ని జూనులో అమర్చి అలాగే వదిలేస్తే, ధనుర్మాసంలో ముగ్గు వేస్తున్న అమ్మల నెత్తిన దీపం మధ్యలో ఆరిపోతుంది. అందుకే తేదీని బట్టి సూర్యోదయ సూర్యాస్తమయాలను తానే లెక్కించుకొనే టైమర్లు వచ్చాయి. ఇక కార్యాలయాల్లో ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచడం, ఖాళీ గదిలో ఫ్యాను ఆపడం వంటివి మీ అమ్మ రోజూ చెప్పేవే కాబట్టి వాటి జోలికి పోను.

సంక్రాంతి సెలవుల్లో ఒక పని చేయండి. పెద్దవాళ్ళెవరినైనా తోడు తీసుకొని మీ దగ్గరి వాటర్ ట్యాంకు పంప్‌హౌస్‌కు వెళ్ళండి. ఆపరేటరు గారిని మర్యాదగా అడిగితే, పంపు మీద బిగించిన రేకు ముక్క చూపిస్తారు. ఎన్ని కిలోవాట్లు, ఎంత ఎత్తు, సెకనుకు ఎన్ని లీటర్లు అన్నవి దాని మీద చెక్కి ఉంటాయి. వాటిని నోటుపుస్తకంలో రాసుకోండి. తరవాత ఒక గంటలో మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందో, ట్యాంకులోకి ఎన్ని లీటర్లు చేరాయో ఆయన్నే అడిగి, వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు పడ్డాయో లెక్క కట్టండి. ఇక్కడి కొండ ట్యాంకు లెక్క నేను కనుక్కొని ఉంచుతాను. మీ ట్యాంకు ఎత్తు కూడా రాసి పంపితే రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తిరుగుతున్న మోటారుకు మాత్రం దూరంగా నిలబడండి. చున్నీలు, వదులు చొక్కాలు జాగ్రత్త.

ఆశీస్సులతో,
మీ తాతయ్య