వాక్యం ఒకటే, అర్థం తేల్చేది ఎవరు?

క్రైస్తవంలో చివరి మాట లేఖనానిదా (బైబిలుదా), సంఘానిదా అన్న తగువు 16వ శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు. అది అంతకంటే చాలా పాతది. 2వ శతాబ్దంలో నాస్టిక్ (రహస్య జ్ఞానంతోనే రక్షణ అనే) బోధకులూ లేఖనాలు చూపించే తమ బోధను సమర్థించుకున్నారు. వారికి జవాబుగా 180 ప్రాంతంలో బిషప్ ఇరేనియస్ ఇంకో కొలబద్ద పట్టుకున్నాడు: అపొస్తలుల నుంచి వరుస తప్పకుండా వచ్చిన సంఘాల్లో ఏం బోధిస్తున్నారో చూడమన్నాడు.

సంఘం ఒక్కమాట మీద ఉన్నంతకాలం ఆ కొలబద్ద పనికొచ్చింది. కానీ 1378 నుంచి పశ్చిమ ఐరోపాలో ఇద్దరు, 1409 తర్వాత ముగ్గురు, ఎవరికి వారే అసలు పోపునన్నారు. ఆ చిక్కు విప్పిన కాన్‌స్టాన్స్ మహాసభే (సంఘ పెద్దల సభ) 1415లో చెక్ బోధకుడు యాన్ హస్‌ను మతభ్రష్టుడని తేల్చింది. లేఖనం చూపి నా తప్పు నిరూపించండని ఆయన అడుగుతూనే ఉన్నాడు. సజీవంగా దహనం చేశారు.

1519లో లైప్‌జిగ్ వాదంలో కాథలిక్ పండితుడు యోహాన్ ఎక్ లూథర్‌ను సరిగ్గా అక్కడికే లాక్కొచ్చాడు: నువ్వు చెప్పేది హస్ చెప్పిందే కదా? లూథర్ మొదట కాదన్నాడు. తర్వాత, సభ ఖండించిన హస్ మాటల్లో నిఖార్సైన క్రైస్తవ సత్యాలున్నాయన్నాడు. అంటే మహాసభ కూడా పొరబడుతుందన్నమాట. నా దృష్టిలో అసలు మలుపు ఇదే, లూథర్ 1517లో ప్రకటించిన 95 వాదాంశాలు కాదు.

లేఖనం ఒక్కటే చాలన్నవారికి పరీక్ష పదేళ్లకే ఎదురైంది. 1529 అక్టోబరులో మార్‌బర్గ్ కోటలో లూథర్, స్విస్ సంస్కర్త జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. యేసు రొట్టె చూపి అన్న ‘ఇది నా శరీరము’ అనే మాటను లూథర్ బల్ల మీద సుద్దముక్కతో లాటిన్‌లో రాసి పెట్టుకున్నాడు. అక్కడి నుంచి కదలలేదు. ఆ మాటకు అర్థం ‘ఇది నా శరీరాన్ని సూచిస్తుంది’ అని జ్వింగ్లీ అన్నాడు, యోహాను 6వ అధ్యాయం చూపించాడు. 15 అంశాల్లో 14 మీద ఏకీభవించారు. ఆ రొట్టె పంచుకునే ప్రభు భోజనం దగ్గర మాత్రం తెగలేదు. ఇద్దరూ వాక్యానికి తలవంచినవారే. వారి మధ్య తీర్పరి లేడు.

రోమ్, అంటే కాథలిక్ సంఘం (శ్రీసభ), ఆ తీర్పరిత్వం తనదేనంది. 1546 ఏప్రిల్‌లో ట్రెంట్ సభ లేఖనంతో పాటు అపొస్తలుల పారంపర్యాన్నీ సమానంగా గౌరవించాలని, శ్రీసభ చెప్పే అర్థానికి విరుద్ధంగా ఎవరూ వ్యాఖ్యానించరాదని శాసించింది. 1870లో మొదటి వాటికన్ సభ, పోపు అధికారికంగా నిర్వచించే విశ్వాస, నైతిక సిద్ధాంతాలు తప్పులేనివంది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు దీన్ని ఒప్పుకోవు; వారికి అధికారం మహాసభలది, ‘తండ్రులు’ అనే తొలి శతాబ్దాల గురువుల బోధది.

1965లో రెండో వాటికన్ సభ, సంఘపు బోధనాధికారం దేవుని వాక్యానికి పైన లేదు, దానికి సేవ చేస్తుంది అని స్పష్టం చేసింది. ప్రొటెస్టెంట్లు చాలామంది ఈ మాటను మనసారా ఆహ్వానించారు. ఆ సేవ సరిగ్గా జరుగుతోందో లేదో చెప్పే హక్కు ఎవరిదన్న చోటే నేటికీ సంభాషణ ఆగుతోంది.