ఠాణా మీద గడియారం ఎందుకు?

బిడ్డలూ,

సికింద్రాబాద్‌లో రాణిగంజ్ దగ్గర ఎంజీ రోడ్డు మీద గడియారం గోపురంతో ఉన్న పాత బంగ్లా ఎవరిదని అడిగారు కదా. అది ఎవరి ఇల్లూ కాదు, ఒకప్పటి పోలీస్ ఠాణా. ఆ రోడ్డును అప్పట్లో జేమ్స్ స్ట్రీట్ అనేవాళ్లు. అందుకే పాతవాళ్ల నోట అది ఇప్పటికీ జేమ్స్ స్ట్రీట్ ఠాణానే. 1900 ప్రాంతంలో దాన్ని కట్టించింది సర్కారు కాదు, దివాన్ బహద్దూర్ సేఠ్ రాంగోపాల్ అనే వ్యాపారి. రాంగోపాల్‌పేటకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. 1897లో తెరిచిన సికింద్రాబాద్ క్లాక్ టవర్‌లో గడియారం కూడా రాంగోపాల్ సేఠ్ ఇచ్చిందే. గడియారాల మీద మోజు బాగానే ఉన్నట్టుంది!

ఠాణాకు గడియారం ఎందుకంటారా? చేతికి వాచీ ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న కాలం అది. పక్కనేమో దండు, అంటే సైన్యం మకాం; 1874 నుంచి రైలు స్టేషను. టైముతో పనిబడ్డ ఊరు. రాత్రీ పగలూ తలుపు మూయని చోటు ఠాణాయే కాబట్టి, గడియారానికి అంతకన్నా తగిన చోటు ఉండదని నా లెక్క. గోపురం ఎత్తు కూడా ఉట్టి దర్జా కోసం కాదు. ఆ రోజుల్లో గోపుర గడియారాలు బరువులతో నడిచేవి. తాడుకు వేలాడే ఇనుప దిమ్మలు మెల్లగా కిందికి దిగుతూ చక్రాలు తిప్పేవి. అడుగుకు చేరగానే మనిషి పైకెక్కి మళ్లీ చుట్టాలి. దిమ్మ దిగడానికి ఎంత చోటుంటే గడియారం అన్ని గంటలు ఆగకుండా నడుస్తుంది.

ఇక గోడల సంగతి. నాకు అసలు మక్కువ దాని మీదే. ఆ కాలపు కట్టడాలకు సిమెంటు లేదు, రాయి, డంగు సున్నమే. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. దాని మీద నీళ్లు పోస్తే సలసలా మరిగి పొడవుతుంది. ఇసుక కలిపి డంగులో, అంటే నూరే రాతి గాడిలో వేస్తే, ఎద్దులు రాతిచక్రాన్ని తిప్పుతూ గంటల తరబడి నూరేవి. కొందరు మేస్త్రీలు బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లూ పోసేవాళ్లు. గోడ కట్టాక ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) పీల్చుకుని, ఏళ్ల మీద మళ్లీ రాయిగా మారుతుంది. సన్న నెర్రె పడినా, వాన నీటికి కాస్త సున్నం కరిగి ఆ సందులోనే గట్టిపడి దాన్ని పూడ్చేస్తుంది.

ఇలాంటి గోడకు కొత్తవాళ్లు సిమెంటు పూత పూస్తుంటే నా ఒళ్లు మండుతుంది. రాతిగోడ వానాకాలంలో తడి పీల్చి, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు పూస్తే గోడకు ప్లాస్టిక్ కవరు చుట్టినట్టే, తడి లోపలే ఉండిపోతుంది. రెండు మూడేళ్లకు తెల్లటి ఉప్పు పొంగి, పూత పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. జనం మాత్రం "పాత గోడ కదా, అందుకే" అంటారు!

కమానులు కూడా చూడండి. ఇనుప చువ్వలతో పని లేకుండానే నిలబడతాయి. పై బరువు కమానులో ఒక రాయి నుంచి ఇంకో రాయికి దిగుతూ, చివరికి రెండు పక్కలా గోడలను తోస్తుంది. ఆ తోపుకు ఆగాలంటే గోడ మందంగా ఉండక తప్పదు. మందపు గోడ వల్ల లోపల చల్లదనం ఊరికే వచ్చింది.

వారం మధ్యలో అక్కడ నిలబడి తలెత్తి చూడబోతే ఆటోవాళ్లు తిడతారు. ఆదివారం పొద్దున్నే వెళ్లండి, రాణిగంజ్ దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. ముందు ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి మొత్తం చూసి, తర్వాత దగ్గరికెళ్లండి. ఎక్కడ సున్నం, ఎక్కడ సిమెంటు పూశారో కనిపెట్టి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపండి. గోడను మాత్రం గీరకండి.

మీ తాత