అసలు తోసేది ఆ ఏటవాలు తాడే

విజయవాడ,
ఆదివారం

అమ్ములూ, చిన్నోడా,

మొన్న పున్నమి ఘాట్‌లో మీరడిగినదానికి సగమే చెప్పాను. గాలి పడిపోయి, ఇంజనూ మొరాయిస్తే తెరచాప పడవని ఇంటికెలా తెస్తారని కదా? మన కాలవల్లో సరుకు పడవలు నడిచిన రోజుల్లో అయితే, పడవవాళ్లు గట్టు మీదికి దిగి భుజాన తాడేసుకుని లాగేవాళ్లు. నది నడిమధ్యన గట్టెక్కడిది? అక్కడ ఆదుకునేది పెద్ద పడవ వెంట ఉండే చిన్న డింగీ, దాని వెనక తగిలించే ఔట్‌బోర్డు మోటారు.

నేను మొదటిసారి తప్పే చేశాను. ఓ సాయంత్రం భవానీ ద్వీపం దాటాక మా ఇంజను ఆగిపోయింది. డింగీని ముందు పెట్టి తాడుతో లాగబోయాను. తాడు బిగిసినప్పుడల్లా డింగీ ముక్కు పక్కకి తిరిగిపోయేది. భయపడి మోటారు తగ్గించానా, రెండు టన్నుల పడవ వెనక నుంచి నా మీదికే వచ్చేసింది. "పక్కన కట్టరా!" అని పైనుంచి పెద్దాయన అరిచాడు.

పక్కన అంటే డింగీని పెద్ద పడవ వెనక భాగంలో, దాని పక్కకి ఆనించి కట్టడం. మధ్యలో పాత టైర్లు వేయాలి. మోటారు ఫ్యాను పెద్ద పడవ చుక్కాని కంటే కాస్త వెనక్కి ఉండాలి. ముందొక తాడు, వెనకొక తాడు డింగీని దగ్గరగా పట్టి ఉంచుతాయి, అంతే. అసలు పని మూడోదానిది. డింగీ ముక్కు నుంచి ఏటవాలుగా వెనక్కి వెళ్లి, పెద్ద పడవ వెనక కొనకి కట్టిన తాడు అది. డింగీ ముందుకి ఉరికితే బిగుసుకునేది అదే, పెద్ద పడవని కదిలించేదీ అదే. ఆ రోజు దాని మీద చెయ్యి వేస్తే వీణ తీగలా ఉంది. వెనక్కి నడపాల్సి వస్తే దానికి ఎదురు వాలుగా నాలుగోది కావాలి.

మోటారుని తిన్నగా బిగించేసి, పెద్ద పడవ చుక్కానితోనే తిప్పాలి. మాది 4 హార్స్‌పవర్, అంటే సుమారు 3 కిలోవాట్లు. గుంటూరులో మన పొలం బోరు మోటారు కంటే తక్కువే. అయినా నిలకడ నీళ్లలో మనిషి నడిచేంత వేగంతో వచ్చాం. వేగం రెండింతలు కావాలంటే మోటారు పవర్ దాదాపు ఎనిమిదింతలు కావాలి, కాబట్టి రేజ్ చేసి లాభం లేదు, పెట్రోలు దండగ. కెరటాలు లేస్తే మాత్రం ఈ పద్ధతి వద్దు. రెండు పడవలూ చెరోలా ఎగిరి తాళ్లు తెంపుతాయి. లంగరు వేసి ఆగడమే మేలు.

ఘాట్ దగ్గర పడవని ఆపడం ఇంకా కష్టం. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర కౌంటర్‌వెయిట్లని, అంటే గేట్ల బరువుకి సమంగా పెట్టే దిమ్మెల్ని, ఎలా గుద్దాయో టీవీలో చూశారుగా. ఘాట్ చాలా దూరం ఉండగానే మోటారు తగ్గించాలి. డింగీలో కూర్చున్నవాళ్లకి లైఫ్ జాకెట్, చేతికి కిల్ కార్డ్ (మనిషి పడిపోతే ఊడి మోటారుని ఆపేసే తాడు) లేకపోతే నేనసలు మోటారు స్టార్ట్ చేయనివ్వను.

సంక్రాంతి సెలవులకి రండి, కట్టి చూపిస్తాను. ఈలోగా చెప్పుల పెట్టె పక్కన అగ్గిపెట్టె పెట్టి, దారాలతో నాలుగు కట్లూ వేసి, అగ్గిపెట్టెని ముందుకి తోయండి. ఏ దారం బిగుసుకుందో ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య