మైగ్రేషన్ ముందా, స్టార్టప్ కోడ్ ముందా? అపోహలు - వాస్తవాలు

నల్గొండ వైపు వడ్లు అమ్మే రైతుకు ఎంత వస్తుందో లెక్కగట్టే చిన్న జావా యాప్ అనుకోండి. 2024 వానాకాలంలో సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది. టేబుల్‌లో బోనస్ కాలమ్ చేర్చే మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్), యాప్ లేవగానే ఆ కాలమ్ చదివి క్యాష్ (డబ్బు కాదు, మెమరీలోని తాత్కాలిక నిల్వ) నింపే కోడ్, రెండూ ఒకే రిలీజ్‌లో వెళ్లాయి. తంటా ఇక్కడే.

అపోహ: మైగ్రేషన్లు నడిపే ఫ్లైవే టూల్ పెట్టాం కదా, అన్నిటికంటే ముందు అదే నడుస్తుంది.

వాస్తవం: జావా యాప్‌లు కట్టే స్ప్రింగ్ బూట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఫ్లైవేను నడిపేది కూడా ఒక బీనే, అంటే యాప్ లేచేటప్పుడు స్ప్రింగ్ పుట్టించే ఆబ్జెక్టే. డేటాబేస్‌తో మాట్లాడే జేపీఏ, జేడీబీసీ టెంప్లేట్ దాని కోసం ఆగేలా బూటే చూసుకుంటుంది. డేటాసోర్స్‌ను (డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చేది) నేరుగా పట్టుకుని, బీన్ పుట్టగానే నడిచే పోస్ట్‌కన్‌స్ట్రక్ట్‌లో క్వెరీ కొట్టే మీ సొంత బీన్‌కు ఆ ఏర్పాటు ఉండదు. అది ముందు లేచిందా, కాలమ్ లేదంటూ యాప్ అక్కడే పడిపోతుంది. 2.5 వెర్షన్ నుంచి డిపెండ్స్‌ఆన్‌డేటాబేస్‌ఇనిషియలైజేషన్ అనే యానోటేషన్ (కోడ్ మీద పెట్టే గుర్తు) ఉంది. బీన్ మీద అది పెడితే సరిపోతుంది.

అపోహ: ఆర్డర్ యానోటేషన్‌లో నంబర్ ఇస్తే చాలు.

చాలదు. ఆ నంబర్ రన్నర్ల (బీన్లన్నీ పుట్టాక నడిచే కోడ్) వరుసకు, లిస్ట్‌లో వచ్చే బీన్ల వరుసకు పనికొస్తుంది. బీన్లు పుట్టే వరుసను అది మార్చదు.

అపోహ: నా లాప్‌టాప్‌లో నడిచింది.

నడవక ఏం చేస్తుంది! నిన్న మైగ్రేషన్ ఒక్కటే రాసి నడిపారు, ఇవాళ క్యాష్ కోడ్ రాశారు. కాలమ్ అప్పటికే ఉంది. సర్వర్‌కు మాత్రం రెండూ కలిసి చేరతాయి. అందుకే పాత రిలీజ్ స్కీమా (టేబుళ్ల నిర్మాణం) ఉన్న డేటాబేస్ మీద ఒకసారి లేపి చూడాలి. నన్నడిగితే, ఈ ఒక్క టెస్ట్ లేని ప్రాజెక్టులో మిగతా టెస్టులను నేను పెద్దగా నమ్మను.

అపోహ: కోడ్‌ను అప్లికేషన్ రన్నర్‌లోకి మారిస్తే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: మైగ్రేషన్ ముందే అయిపోతుంది, నిజమే. కానీ రన్నర్ మొదలయ్యేసరికి వెబ్ పోర్ట్ తెరిచే ఉంటుంది. క్యాష్ నిండేలోపు అడిగిన రైతుకు బోనస్ సున్నా అని చూపించవచ్చు. ముందున్న లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) రెడీనెస్, అంటే యాప్ సిద్ధమన్న సంకేతం చూసి ట్రాఫిక్ పంపితేనే ఇది ఆగుతుంది, ఎందుకంటే రన్నర్లు ముగిశాకే బూట్ తాను రెడీ అంటుంది.

ఇక జేపీఏ వెనక పనిచేసే హైబర్నేట్ లైబ్రరీలో, స్కీమాను తానే మార్చేలా డీడీఎల్ ఆటో సెట్టింగ్‌ను అప్‌డేట్‌లో ఉంచి పక్కన ఫ్లైవే నడిపేవాళ్లూ ఉన్నారు. స్కీమాకు ఇద్దరు పెద్దలు వద్దు. డీడీఎల్ ఆటోను వ్యాలిడేట్‌కు మార్చండి, అప్పుడది స్కీమాను సరిచూస్తుందే కానీ మార్చదు.